నడుము వంగని ఊళ్ళలో నడక పాఠం: కనిగిరి ప్రాంతంలో విద్యార్థుల సేవాభ్యసనం - పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు సామాజిక సేవా ప్రాజెక్టు పాఠ్యప్రణాళికలో భాగమైంది. ఆరోగ్యాన్ని అంశంగా ఎంచుకున్న విద్యార్థి తన ఊరిలో శారీరక క్రియాశీలతను ప్రోత్సహించే పనికి పూనుకోవచ్చు. అయితే ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతమైన కనిగిరి పరిసర గ్రామాల్లో మనిషి కదలకపోవడానికి కారణం బద్ధకమే కానక్కరలేదు. తాగే నీరు కావచ్చు. నగర జీవితాన్ని దృష్టిలో ఉంచుకొని తయారైన వ్యాయామ సందేశం ఇక్కడ ఎక్కడ పొసగదో, ఎక్కడ హాని చేయగలదో, సేవాభ్యసన పద్ధతి దానిని ఎలా సరిదిద్దగలదో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: సేవాభ్యసనం, శారీరక క్రియాశీలత, ఫ్లోరోసిస్, కనిగిరి, సామాజిక సేవా ప్రాజెక్టు, పర్యాలోచన.

1. ఉపోద్ఘాతం:

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 విద్యాసంవత్సరం నుండి ప్రవేశపెట్టిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో మొదటి సంవత్సరం ముగిసిన తరువాత విద్యార్థి 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు చేయాలి. దానికి 4 క్రెడిట్లు ఉంటాయి. గ్రామ ప్రాథమిక సర్వే, అవగాహన కార్యక్రమాలు, ప్రజలతో కలిసి పనిచేయడం, చివరకు నివేదిక సమర్పణ - ఇదీ దాని క్రమం. విద్యార్థి తన సొంత ఊరినిగానీ, దగ్గరి ఊరినిగానీ ఎంచుకొనే వీలుంది. అంతకు చాలాముందే, 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళ సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అనే దాని చట్రం కళాశాల అధ్యాపకులందరికీ పరిచితమే.

వ్యాయామ ప్రచారం ఈ రెండు చట్రాల్లోనూ సులభంగా ఇమిడే అంశం. ఖర్చు లేదు, పరికరాలు అక్కరలేదు. ఒక ర్యాలీ, నాలుగు నినాదాలు, ఒక ఫొటో ఉంటే నివేదికలో ఒక పుట నిండుతుంది. 2019 ఆగస్టు 29న మొదలైన ఫిట్ ఇండియా ఉద్యమం తరువాత ఇటువంటి కార్యక్రమాలకు అధికారిక ప్రోత్సాహం కూడా తోడైంది. ఈ ప్రచారం అవసరం లేదని అనలేం. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2024లో వెలువడిన అధ్యయనం ప్రకారం 2022 నాటికి భారతదేశంలోని వయోజనుల్లో దాదాపు సగం మందికి (49.4 శాతం) తగినంత శారీరక శ్రమ లేదు. పురుషుల్లో ఇది 42 శాతం, స్త్రీలలో 57 శాతం. ప్రపంచ సగటు 31 శాతం.

దేశపు సగటును ఒక ఊరికి యథాతథంగా వర్తింపజేయవచ్చునా అన్నది వేరే ప్రశ్న. కనిగిరి చుట్టుపక్కల హనుమంతునిపాడు, వెలిగండ్ల, పామూరు, చంద్రశేఖరపురం, పెదచెర్లోపల్లి మండలాల గ్రామాల్లో ఆ ప్రశ్న వేసుకోకుండా నడక గురించి మాట్లాడటం కుదరదు.

2. సేవాభ్యసనం - భావన:

‘సర్వీస్ లెర్నింగ్’ అనే మాటను రాబర్ట్ సిగ్మన్, విలియం రామ్సే 1967లో అమెరికాలోని దక్షిణ ప్రాంతీయ విద్యా మండలిలో పనిచేస్తున్నప్పుడు వాడుకలోకి తెచ్చారు. దాని వెనుక అనుభవమే విద్యకు పునాది అన్న జాన్ డ్యూయీ ఆలోచన ఉంది. సిగ్మన్ 1994లో ఈ పద్ధతిని నాలుగు రకాలుగా విభజించాడు: సేవకు ప్రాధాన్యమున్నది, చదువుకు ప్రాధాన్యమున్నది, రెండింటికీ సంబంధం లేనిది, రెండూ సమానంగా ఒకదానినొకటి పెంపొందించేది. ఇంగ్లీషులో ఆయన పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాతో దీనిని చూపాడు. ఆ సౌకర్యం తెలుగు లిపికి లేదు గనుక ‘సేవాభ్యసనం’ అన్న సమాసంలో ఏ పదానికి ఎంత బరువో ప్రతిసారీ విడమరచి చెప్పుకోవలసిందే.

భారతీయ విద్యాచింతనకు ఇది పూర్తిగా కొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధా విద్యాసదస్సు నయీ తాలీమ్ రూపంలో చదువునూ చేతిపనినీ ఒకచోట చేర్చింది. సేవాభ్యసనంలో అదనంగా ఉన్నది పర్యాలోచన. చేసిన పనిని వెనక్కు తిరిగి చూసుకొని, తాను ఊహించినదానికీ ఎదురైనదానికీ మధ్య తేడాను విద్యార్థి రాతపూర్వకంగా విచారించడం దాని లక్షణం. శ్రమదానంలో ఈ విచారణ తప్పనిసరి కాదు. సేవాభ్యసనంలో ఇది లేకపోతే ఆ పేరే చెల్లదు. కనిగిరి వంటి చోట ఊహకూ వాస్తవానికీ మధ్య తేడా ఎక్కువ గనుక పర్యాలోచనకు పనీ ఎక్కువే.

3. ఎద్దుల నుండి మనుషుల దాకా:

వార్ధా సదస్సు జరిగిన 1937లోనే కనిగిరి ప్రాంతం మరొక కారణంగా వైద్యసాహిత్యంలోకి ఎక్కింది. షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో స్థానిక వ్యాధిగా ఉన్న ఫ్లోరోసిస్‌పై ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వ్యాసం ప్రచురించారు. వారు పరిశీలించినది అప్పటి నెల్లూరు జిల్లా. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పొందింది. దేశంలో మనుషుల్లో ఎముకల ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి రచనగా ఈ వ్యాసాన్నే వైద్యులు ఉదాహరిస్తారు.

అంతకుముందే రైతులు దీనిని మరో రూపంలో గుర్తించారు. ఈ వ్యాధి నరాల మండలంపై చూపే ప్రభావాన్ని దీర్ఘకాలం అధ్యయనం చేసిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి 2009లో ప్రచురించిన సమీక్షా వ్యాసంలో ఈ సంగతి ప్రస్తావించారు. 1930ల తొలినాళ్ళలో ఆంధ్ర ప్రాంతపు రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకొని, నొప్పితో నడవలేకపోవడాన్ని గమనించారు. మనుషుల్లో అదే జబ్బు బయటపడింది ఆ తరువాతే. ఈ వరుస గమనించదగినది. ఫ్లోరోసిస్ చరిత్ర ఈ నేలపై మొదలైంది నీటి పరీక్షతో కాదు. కదలిక తగ్గిందన్న రైతు పరిశీలనతో. కాడికి కట్టిన ఎద్దు చాలు దాటలేకపోతే రైతుకు వెంటనే తెలుస్తుంది. మనిషి తన నడుము బిగుతును వయసు ఖాతాలోనో, చాకిరీ ఖాతాలోనో వేసుకొని ఏళ్ళ తరబడి గడిపేస్తాడు.

రాతిపొరల్లోని ఫ్లోరైడ్ కలిగిన ఖనిజాల మీదుగా భూగర్భజలం నెమ్మదిగా ఊరుతూ ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. వాన తక్కువ, బోరు లోతు ఎక్కువ అయిన చోట ఈ సమస్య తీవ్రమవుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటిలో లీటరుకు 1.0 మిల్లీగ్రామును ఆమోదయోగ్య పరిమితిగా, వేరే నీటివనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది. అంతకుమించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పిల్లల్లో పళ్ళు గారకడతాయి. పెద్దల్లో వెన్ను, మెడ, కటి భాగాల ఎముకలు చిక్కనై, స్నాయువులు ఎముకలా గట్టిపడి కీళ్ళు బిగుస్తాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఫ్లోరోసిస్ ప్రాంతపు యువతలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని నివేదించారు. అంటే ఇది ముసలితనపు నొప్పుల వ్యవహారంగా మిగలలేదు. ఆటల వయసును కూడా తాకింది.

నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై సిద్దిఖీ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లో వచ్చింది. ఆ తరువాతి దశాబ్దాల్లో నల్లగొండ బాధితుల గొంతు రాజకీయ వేదికలకు చేరింది. అంశల స్వామి వంటివారు ఆ పోరాటానికి ముఖచిత్రమయ్యారు. నీటి నుండి ఫ్లోరైడ్‌ను తొలగించే ఒక పద్ధతికి సైతం నల్లగొండ పేరే స్థిరపడింది. నమోదులో ముందున్న కనిగిరి ప్రాంతం చర్చలో మాత్రం వెనుకబడింది. స్థానిక కళాశాలల విద్యార్థులు పూరించగల ఖాళీ ఇక్కడ ఒకటుంది.

4. మాటల చిక్కు:

సర్వే పత్రం పట్టుకొని ఊళ్ళోకి వెళ్ళిన విద్యార్థికి మొదట అడ్డుపడేది భాష. ఆశా కార్యకర్తలు ముప్పై ఏళ్ళు దాటినవారి కోసం నింపే అసాంక్రమిక వ్యాధుల ప్రమాద అంచనా పత్రంలో వారానికి కనీసం 150 నిమిషాల శారీరక శ్రమ చేస్తున్నారా అనే ప్రశ్న ఉంది. దీనిని తెలుగులో ఎలా అడగాలి? ‘వ్యాయామం చేస్తారా?’ అంటే కందికోతకు వెళ్ళివచ్చిన మహిళ లేదనే చెబుతుంది. ఆమె దృష్టిలో వ్యాయామం తీరిక ఉన్నవాళ్ళ పని. ‘కష్టపడతారా?’ అంటే ఆ మాట బతుకు బరువును గురించి అడిగినట్లవుతుంది. జవాబు నిమిషాల్లో రాదు. ‘ఒళ్ళు వంచి పని చేస్తారా?’ అంటే స్వభావంపై తీర్పు అడిగినట్లవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన సార్వత్రిక శారీరక శ్రమ ప్రశ్నావళి పని, రాకపోకలు, తీరిక అనే మూడు రంగాలను విడివిడిగా అడుగుతుంది. మోస్తరు శ్రమకు నిమిషానికి 4, తీవ్ర శ్రమకు 8 చొప్పున ప్రమాణాలు లెక్కిస్తుంది. వారానికి 600 దాటితే చాలినంత శ్రమ ఉన్నట్లు. రోజుకు అరగంట బిందెలతో నీళ్ళు మోసే స్త్రీని మోస్తరు శ్రమ కింద లెక్కిస్తే ఏడు రోజులకు 210 నిమిషాలు, అంటే 840 ప్రమాణాలు. వంట, పశువుల పని, కూలి ఏవీ కలపకుండానే ఆమె గీత దాటింది. ‘వ్యాయామం లేదు’ అన్న ఒక్క జవాబుతో ఈమెను నిష్క్రియుల జాబితాలో చేర్చిన సర్వే కొలిచింది అనువాద దోషాన్ని మాత్రమే. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన మధుమేహ అధ్యయనం 2014లో వెల్లడించిన వివరాల్లో తీరిక సమయపు వ్యాయామం చేసేవారు పది శాతం కంటే తక్కువ. తీరికనే అడిగితే తీరిక లేనివారి శ్రమ కనిపించదు.

ఈ వ్యాసంలో ‘శారీరక క్రియాశీలత’ అనే మాటను వాడటానికి కారణం ఇదే. అది కృతకంగా వినిపిస్తుంది, ఊళ్ళో ఎవరూ పలకరు. అయితే పరిశోధకుడి బల్లపై దాని ఉపయోగం వేరు. క్షేత్రంలో ‘పొద్దున లేచినప్పటి నుండి ఏమేం పనులు చేశారు, ఎంతసేపు నడిచారు, ఏం మోశారు’ అని పనుల పేర్లతో అడగడమే సరైన అనువాదం. ఈ పని తెలుగు విద్యార్థులది. సామాజిక సేవా ప్రాజెక్టును విజ్ఞానశాస్త్ర విద్యార్థుల సొత్తుగా చూసే అలవాటు ఈ ఒక్క కారణంగానైనా మారవలసి ఉంది.

ఇంతకంటే లోతైన చిక్కు జాతీయాలది. తెలుగులో సోమరితనాన్ని చెప్పే పలుకుబళ్ళలో చాలావరకు దేహం వంగకపోవడం చుట్టూ అల్లుకొన్నవే. ఒళ్ళు వంగదు, నడుము వంచడు, ఒళ్ళు దాచుకుంటాడు. పనిమంతుడు ఒళ్ళు వంచుతాడు. ఫ్లోరోసిస్ ముదిరిన మనిషి విషయంలో ‘నడుము వంగదు’ అన్నది అక్షరార్థంలో నిజం, అదొక వ్యాధి లక్షణం. భాషలో నిందగా స్థిరపడిన మాటే దేహంలో రోగంగా ఎదురైనప్పుడు, వ్యాయామ నినాదం విన్న మనిషి తనను బద్ధకస్తుడంటున్నారనే అనుకుంటాడు. బద్ధకం వదలండి, లేచి నడవండి అని గోడమీద రాసే ముందు ఆ గోడ ఎవరి ఇంటిదో చూసుకోవాలి.

5. నీటి లెక్క:

సాధారణ ఆరోగ్య సందేశంలో రెండు వాక్యాలు జంటగా వస్తాయి: బాగా నడవండి, నీళ్ళు ఎక్కువ తాగండి. ఫ్లోరైడ్ బోరుపై ఆధారపడిన ఊళ్ళో ఈ జంటను విడదీసి చూడాలి.

రసాయనాల భద్రతపై అంతర్జాతీయ కార్యక్రమం 2002లో వెలువరించిన ఫ్లోరైడ్ సమీక్ష భారత్, చైనా అధ్యయనాల ఆధారంగా ఒక అంచనాకు వచ్చింది. అన్ని మార్గాల్లో కలిపి రోజుకు 14 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ శరీరంలోకి చేరితే ఎముకలకు హాని పెరుగుతుందన్నది స్పష్టం. సుమారు 6 మిల్లీగ్రాములు దాటినప్పటి నుండే ఆ ప్రమాదపు సూచనలున్నాయి. ఉదాహరణ కోసం లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరును ఊహించుకుందాం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో కూలికి వెళ్ళే మనిషి రోజుకు 4 లీటర్లు తాగితే 12 మిల్లీగ్రాములు. సాయంత్రం నడకతో చెమటపట్టి మరొక లీటరు తాగితే 15. నీటిద్వారానే ఆ మనిషి 14ను దాటాడు. అన్నం వండిన నీరు, టీ ఇంకా లెక్కలోకి రాలేదు. గరిష్ఠ పరిమితి 1.5 ఉన్న నీటిలోనూ 4 లీటర్లకు 6 మిల్లీగ్రాములవుతుంది. సమశీతోష్ణ దేశపు గుమాస్తాకూ పశ్చిమ ప్రకాశం కూలీకీ ఒకే పరిమితి ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది.

దీని నుండి ‘నడవవద్దు’ అనో, ‘నీళ్ళు తగ్గించండి’ అనో తేల్చడం ప్రమాదకరం. ఎండదెబ్బ, మూత్రపిండాల సమస్యలు అటువైపు కాచుకొని ఉంటాయి. పైగా మూత్రపిండాలు దెబ్బతింటే ఫ్లోరైడ్ బయటకు పోవడమూ తగ్గుతుంది. మరిగిస్తే నీళ్ళు బాగుపడతాయన్న నమ్మకం క్రిముల విషయంలో సరైనదే గాని ఫ్లోరైడ్ విషయంలో తలకిందులు. నీరు ఆవిరైన మేరకు ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. కాబట్టి నడక గురించి చెప్పేముందు ఆ ఇంట్లో తాగేది బోరు నీరా, రక్షిత పథకపు నీరా, డబ్బా నీరా అన్నది తెలియాలి. చాలా ఇళ్ళలో తాగడానికి డబ్బా నీరు, వంటకు బోరు నీరు వాడతారు. పొలానికి వెళ్ళినవారు అక్కడి బోరు నీరే తాగుతారు. ఇంటి నీటిని మాత్రమే పరీక్షిస్తే పొలంలో తాగిన మూడు లీటర్లు లెక్కకు రావు.

జల జీవన్ మిషన్ కింద క్షేత్రస్థాయి పరీక్షా కిట్లతో నీటిని పరీక్షించడానికి గ్రామానికి ఐదుగురు మహిళలకు శిక్షణనిచ్చే ఏర్పాటు ఉంది. రసాయనశాస్త్ర విద్యార్థులు వారితో కలిసి పనిచేస్తే రెండు విధాలా మేలు. కిట్ రంగును పోల్చి చెప్పే అంచనాను కళాశాల ప్రయోగశాలలో సరిచూడవచ్చు. ఊరి మహిళలకు తెలిసిన బోర్ల చరిత్ర విద్యార్థులకు అందుతుంది. ఏ బోరు ఎప్పుడు ఎండింది, ఎప్పుడు మరింత లోతుకు దించారు అన్నది ఏ పట్టికలోనూ కనిపించదు.

కృష్ణా జలాలను శ్రీశైలం జలాశయం నుండి సొరంగాల ద్వారా తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు 43.5 టీఎంసీల నీటితో సాగుకే కాక 15.25 లక్షల మందికి తాగునీరు కూడా లక్ష్యంగా పెట్టుకుంది. ఈ ప్రాంతంలో ఆరోగ్య విద్య, నీటిపారుదల వేర్వేరు శాఖల విషయాలుగా కనిపించినా ఒకే నడుముకు సంబంధించినవి.

6. మూడు కదలికలు:

2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమానికి ఎంపికైన తొలి జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఎముకల ఫ్లోరోసిస్‌ను క్షేత్రంలో అనుమానించడానికి ఆ కార్యక్రమం మూడు తేలికైన పరీక్షలు సూచించింది. నేలమీద నాణెం పెట్టి, మోకాళ్ళు వంచకుండా దానిని తీయమనడం మొదటిది. గడ్డాన్ని ఛాతీకి ఆనించమనడం రెండవది. చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి తల వెనుక భాగాన్ని తాకమనడం మూడవది.

బడిలో డ్రిల్లు చేసిన ఎవరికైనా ఈ మూడూ పరిచయమే. వ్యాయామ శిబిరంలో మొదటి ఐదు నిమిషాలు చేయించే కదలికలు దాదాపు ఇవే. అంటే వ్యాయామం నేర్పడానికి వెళ్ళిన విద్యార్థి తనకు తెలియకుండానే ఊరంతటికీ ఫ్లోరోసిస్ పరీక్ష పెడుతున్నాడు. వరుసలో నిలబడి ముందుకు వంగలేని మనిషిని ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని బలవంతపెడితే అది పొరపాటే కాదు, అపాయం. ముదిరిన ఫ్లోరోసిస్‌లో వెన్నెముక కాలువ సన్నబడి వెన్నుపాము నలిగే అవకాశముంది. కాళ్ళలో తిమ్మిరి, బలహీనత అప్పుడు వస్తాయి. అదే కదలికను ప్రశ్నగా చూస్తే విలువైన సమాచారం దొరుకుతుంది.

ఇక్కడ రెండు హద్దులు అవసరం. నాణెం తీయలేనివారందరికీ ఫ్లోరోసిస్ ఉందని చెప్పకూడదు. వెన్ను అరుగుదల, కీళ్ళవాతం, పాత గాయం కూడా కారణాలు కావచ్చు. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, ముంజేతి ఎక్స్-రే వంటివాటితో నిర్ధారించవలసింది వైద్యులు. విద్యార్థి పని ఏఎన్ఎంకు తెలియజేసి ఆరోగ్య కేంద్రానికి పంపడం వరకే. రెండవది, నలుగురిలో పరీక్ష చేయించకూడదు. వంగలేకపోవడం చుట్టూ భాషలో ఎంత నింద ఉందో పైన చూశాం. ఫ్లోరోసిస్ వార్తలతోపాటు వంకరపోయిన కాళ్ళ ఛాయాచిత్రాలు అచ్చువేయడం పత్రికలకు అలవాటైంది. ప్రాజెక్టు నివేదికలు దానిని అనుకరించనక్కరలేదు. ఫొటో లేని నివేదికకు మార్కులు తగ్గుతాయన్న భయాన్ని తొలగించవలసిన బాధ్యత పర్యవేక్షక అధ్యాపకులది.

అలాగని కీళ్ళు బిగిసినవారిని వదిలేయడమూ తగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వయోజనులకు వారానికి 150 నుండి 300 నిమిషాల మోస్తరు శ్రమను సూచిస్తూనే, దీర్ఘవ్యాధులు, వైకల్యాలు ఉన్నవారి గురించి విడిగా చెప్పాయి. ఎంత చేయగలిగితే అంత చేయడం, అసలు చేయకపోవడంకంటే మేలన్నది వాటి సారాంశం. వృద్ధులకు వారంలో మూడు రోజులు నిలకడను, బలాన్ని పెంచే కదలికలు సూచించాయి. ఎముకల ఫ్లోరోసిస్‌ను వెనక్కు మళ్ళించే మందు లేదు. సురక్షితమైన నీరు, కాల్షియం తగినంత ఉన్న ఆహారం, ఫిజియోథెరపీ మిగిలిన దారులు. వైద్యుని సలహాతో కూర్చొని చేసే కదలికలు, నొప్పి మొదలయ్యే చోట ఆగే సాగదీతలు వీరికి తగినవి.

7. 180 గంటల్లో సాధ్యమయ్యేది:

వేళ అన్నిటికంటే ముందు. తెల్లవారుజామున నడక శిబిరం పెడితే ఉపాధి పనులకు, కూలికి వెళ్ళేవారు రారు. పశ్చిమ ప్రకాశం నుండి హైదరాబాదు వంటి నగరాలకు వలస వెళ్ళే కుటుంబాలు అనేకం. వారి ఇళ్ళలో ఉండేది వృద్ధులు, బడిపిల్లలు. అందువల్ల ఒక ఊరికి ఒకే కార్యక్రమం చాలదు. కూలీలకు కావలసింది శ్రమ పెంచడం కాదు, శ్రమలో ఒకే భంగిమను తగ్గించడం, నీటి వనరు మార్చడం. వృద్ధులకు పడిపోకుండా నడిచే నిలకడ కావాలి. పిల్లలకు రోజుకు గంట ఆట కావాలి, దానితోపాటు బడిలో సురక్షితమైన నీరు.

కోలాటం, చెక్కభజన ఈ ప్రాంతపు ఊళ్ళకు తెలిసిన ఆటలు. అడుగు, లయ, బృందం అప్పటికే ఉన్నచోట కొత్త వ్యాయామాన్ని దిగుమతి చేయడంకంటే ఆగిపోయిన బృందాన్ని మళ్ళీ కూర్చడం సులభం. స్త్రీలు రోడ్డుమీద నడకకు సంకోచించే ఊళ్ళోనూ గుడి ముందు కోలాటానికి ఆక్షేపణ ఉండదు. పాతకాలపు గురువును వెతికి పట్టుకోవడం, పాటలు సేకరించడం తెలుగు విద్యార్థులకు జానపద సాహిత్య పాఠం కూడా అవుతుంది. నెమ్మదైన కోపులను ఎంచుకుంటే నడివయసువారు సైతం పాల్గొనగలరు. ఎగిరి కూర్చునే అడుగులను మాత్రం యువకులకే వదలాలి.

కనిగిరి పట్టణం సంగతి కొంత వేరు. దుకాణంలో పగలంతా కూర్చునేవారు, ద్విచక్ర వాహనం దిగనివారు, వసతిగృహ విద్యార్థులు అక్కడ ఉన్నారు. సాధారణ నడక సందేశం వారికి చాలావరకు వర్తిస్తుంది. ప్రచారాన్ని ముందు తమ కళాశాల నుండి, తమ దినచర్య నుండి మొదలుపెట్టమని విద్యార్థులకు చెప్పడం అన్యాయం కాదు.

పర్యాలోచన దినచర్య రూపంలో ఉంటే మేలు. ‘ఈ రోజు ఏం చేశాం’ అన్న ప్రశ్నకు జవాబు హాజరుపట్టీలో ఉంటుంది. ‘ఈ రోజు మన ప్రశ్నను ఎవరు తప్పుగా అర్థం చేసుకున్నారు, ఎందుకు?’ ‘మన సలహాను పాటిస్తే ఎవరికి కష్టం?’ ‘ఊరివాళ్ళు మనకు తెలియనిది ఏం చెప్పారు?’ అన్నవాటికి విద్యార్థి స్వయంగా రాయాలి. వీటిని తెలుగులోనే రాయించడం అవసరం. నమూనా నివేదికల ఇంగ్లీషు వాక్యాల్లో ఒదిగేలా అనుభవాన్ని కత్తిరించినప్పుడు పోయేది ఇటువంటి వివరమే.

8. నివేదిక చేరవలసిన చోటు:

చివరి నివేదిక కళాశాల బీరువాలో ఆగిపోవడం ఈ ప్రాజెక్టుల బలహీనత. ఊరిలో సేకరించిన సమాచారాన్ని గ్రామసభలో తెలుగులో చదివి వినిపించి, ఒక ప్రతిని గ్రామ పంచాయతీకి, ఒకటి గ్రామీణ నీటి సరఫరా విభాగపు ఇంజనీరుకు, ఒకటి ఏఎన్ఎంకు ఇవ్వడానికి ఏ కొత్త నిధులూ అక్కరలేదు. తరువాతి సంవత్సరపు విద్యార్థులు అదే ఊరికి వెళ్ళి పాత పట్టికను కొనసాగిస్తే మూడు నాలుగేళ్ళలో ఒక్కొక్క బోరుకు ఒక చరిత్ర ఏర్పడుతుంది. ప్రతి ఏటా కొత్త ఊరు, కొత్త అంశం వెతకడంలో నవ్యత ఉన్నట్లు కనిపిస్తుంది గాని, ఫ్లోరైడ్ వంటి నెమ్మదైన విషయంలో ఒక ఏడాది కొలత చెప్పగలిగేది తక్కువ.

ఆ పట్టికకు ఎక్కువ గడులు అవసరం లేదు: బోరు ఉన్న చోటు, లోతు, వానలకు ముందు ఒక కొలత, తరువాత ఒక కొలత, ఆ నీరు తాగే ఇళ్ళ సంఖ్య, పొలంలో తాగేది కూడా అదేనా అన్న వివరం. చివరి గడిలో పేర్లు లేకుండా రెండు అంకెలు: ఆ ఇళ్ళలో నాణెం తీయడానికి ఒప్పుకున్న పెద్దలు ఎందరు, వారిలో తీయగలిగినవారు ఎందరు.